చేతులు ఆగితే, ఇంకా చెప్పమని

ఆ ఒప్పందం నేనే పెట్టాను. ఆయన మాట్లాడుతుంటే నేను ఎదురుగా కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతుంటాను. నా చేతులు ఆడుతున్నాయంటే చెప్పేది బాగుంది, అలాగే సాగమని. చేతులు ఆగితే చాలలేదు, ఇంకా చెప్పమని. నేను లేచి నిలబడితే ఎక్కువైంది, ఇక ఆపమని. ఇదంతా నోటితో చెప్పకూడదా అంటే, మధ్యలో ఎవరైనా మాట్లాడితే ఆయన ధార తెగిపోతుంది. తెగిందంటే మళ్ళీ అతకడం ఎవరి తరమూ కాదు.

మా ఆయన ఫోన్‌తో తెరుచుకునే తలుపు తాళాలకు సాఫ్ట్‌వేర్ రాస్తారు. అపార్ట్‌మెంట్లకు అపార్ట్‌మెంట్లే ఆ కంపెనీ తాళాలు పెట్టించుకుంటాయి. మా బిల్డింగ్‌లోనూ అవే, మొట్టమొదట తయారైన రకం. ఫోన్ దగ్గరికి తెస్తే తాళం పిట్టలా ఒక్కసారి కిచ్చుమని తెరుచుకుంటుంది. అత్తయ్యకు దాని మీద మొదటిరోజు నుంచీ గురి లేదు. "ఫోన్ పారేసుకుంటే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే కదరా," అన్నారు. అలా కాదమ్మా, ఫోన్ పోయినా పరాయివాడు తెరవలేడు అని ఈయన ఓపిగ్గా చెప్పారు. ఆవిడ అంతా విని, సరేలే అని, తన అల్మారాకు మాత్రం అరచేయంత తాళంకప్ప వేసుకుని దాని చెవి మెళ్ళో గొలుసుకు తగిలించుకున్నారు.

కొన్నాళ్ళుగా ఆఫీసులో మనుషుల్ని తగ్గిస్తున్నారు. ఈయన మేనేజర్‌ని అందరూ చాటుగా గడియారం అంటారు. అతను ఎవరినైనా గదిలోకి పిలిచే ముందు తలెత్తి గోడ గడియారం వంక చూస్తాడట. లోపలికి వెళ్ళినవాళ్ళు బయటికొచ్చి నీళ్ళ సీసా, ఇంటి ఫొటో సంచీలో సర్దుకుంటారట. ఈయన జట్టులో సగంమంది అలా వెళ్ళిపోయారు. సాయంత్రం ఇంటికొచ్చాక భోజనం చేస్తూ కూడా ఈయన మా గోడ గడియారం వైపు చూడడం మానేశారు. చివరికి నేనే దాన్ని తీసి వంటింట్లో తగిలించాను.

వేరే ఉద్యోగం చూసుకోవాలని తెలుసు. పనిలో ఆయనకు వంక పెట్టేవాళ్ళు లేరు. వచ్చిన చిక్కంతా ఇంటర్వ్యూలో. మొదటిదాంట్లో మీరు చేసిన ప్రాజెక్టుల గురించి చెప్పండి అని అడిగితే, "తాళాలకు కోడ్ రాశానండి" అని ఊరుకున్నారు. అవతలివాళ్ళు ఎదురుచూశారు. ఈయనా ఎదురుచూశారు. రెండోదాంట్లో ఇంకొంచెం నయం, "బాగానే నడిచిందండి" అని కూడా కలిపారు. పక్కగదిలో విన్న అత్తయ్య నాతో, "కొందరి నోట్లో నువ్వుగింజ నానదంటారు. వీడి నోట్లో అది నాని, మొలకెత్తి, చెట్టయినా బయటికి రాదు," అన్నారు. కన్నతల్లి కాబట్టి అంత సరిగ్గా చెప్పగలిగారు.

నాకు కోడ్ సంగతి తెలియదు. నేను కాలేజీలో చదివింది చరిత్ర. కాని ఒక సంగతిని అడిగినవాడికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలో చరిత్ర మేడమ్ మాకు తలకెక్కేలా నేర్పారు. యుద్ధం గురించి అడిగితే యుద్ధం జరిగింది అని రాస్తే సున్నా. ఆ పద్ధతే ఈయనకు పెట్టాను. కష్టం ఏమిటి, మీరేం చేశారు, అలాగే ఎందుకు చేశారు, చివరికేమయింది. యుద్ధమైనా తాళమైనా అంతే.

అలా ఆదివారాలు మా హాల్లో నేను ఇంటర్వ్యూ చేసేదాన్నయ్యాను. ముందు పాత ప్రాజెక్టు: తాళాల కంటే ముందు ఆయన లైబ్రరీలకు ఒక ప్రోగ్రాం రాశారు. ఏ పుస్తకం ఎవరి దగ్గర ఉందో చూపిస్తుంది. ఒకే పుస్తకాన్ని ఇద్దరు ఒకే క్షణంలో అడిగితే ఇద్దరికీ ఇచ్చినట్టు చూపించేదట. ఈయన ఒక వానాకాలమంతా దాని వెంటపడి సరిచేశారట. మా పెళ్ళయ్యాక జరిగినదే అది. ఆ రోజుల్లో ఆయన ముభావంగా ఉంటే నా వంటే నచ్చలేదేమో అనుకున్నాను.

తర్వాత ఇప్పటి ప్రాజెక్టు. మొదట్లో పొడిమాటలే. నేను చేతులు ఆపేదాన్ని. ఆయన ఇబ్బందిగా కదిలి ఇంకో వాక్యం కలిపేవారు. మళ్ళీ ఆపేదాన్ని. క్రమంగా నా చేతులు ఆగడం తగ్గింది. ఆయన కళ్ళలో మెరుపు కనబడేది. గాల్లో వేళ్ళతో తలుపు గీసి, ఇక్కడ బ్యాటరీ, ఇక్కడ మోటారు అని చూపించేవారు. ఇన్నేళ్ళుగా ఈ మనిషి రోజంతా ఏం చేస్తున్నాడో నాకు అప్పుడు తెలిసింది. తువ్వాళ్ళు మడతపెడుతూ విన్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే నా మొహంలో సంతోషం చూసి ఆయన సిగ్గుపడి ఆపేసేవారు.

అప్పుడు ఆ మెసేజ్ వచ్చింది. ఎవరో కన్సల్టెన్సీ మనిషి. పెద్ద కంపెనీ, మీలాంటి అనుభవం ఉన్నవాళ్ళ కోసమే వెతుకుతున్నారు, ఆదివారం మధ్యాహ్నం వీడియో ఇంటర్వ్యూ అన్నాడు. కంపెనీ పేరు ఇంటర్వ్యూలో చెబుతామన్నాడు. సెలవురోజు ఇంటర్వ్యూ ఏమిటి అని నేనంటే, ఉద్యోగం చేస్తున్నవాళ్ళు సెలవు పెట్టక్కర్లేకుండా ఈమధ్య అలాగే పెడుతున్నారని ఈయన అన్నారు. ఆ మాటలో నాకు తప్పేమీ కనబడలేదు. అంతకుముందు శుక్రవారమే గడియారం ఇంకొకరిని పిలిచాడు. మునిగేవాడు గడ్డిపోచ రంగు చూడడు.

ఆదివారం ఈయన పైన ఇస్త్రీ చొక్కా, కింద మోకాళ్ళు జారిపోయిన పాత పైజామాతో పడగ్గదిలో మూల బల్ల దగ్గర కూర్చున్నారు. తలుపు బార్లా తీసి ఉంచాం. హాల్లో నేను కూర్చున్న చోటు ఆయనకు కనబడుతుంది, కెమెరాకు కనబడదు. ఇయర్‌ఫోన్లలో ఒకటి గరగరమంటోందని స్పీకర్‌లోనే పెట్టారు. అందుకే ప్రతి మాటా నాకు వినబడింది. అత్తయ్య తన గదిలో టీవీ గొంతు బాగా తగ్గించి సీరియల్ పెట్టుకున్నారు. కొడుకు ఇంటర్వ్యూ కోసం ఆవిడ చేసిన త్యాగం అది.

తెర మీద మనిషి కనబడలేదు. నల్లని తెరలో ఒక గుండ్రని చుక్క, అంతే. మా కెమెరా పనిచేయడం లేదండీ, ఏమనుకోకండి అంది అవతలి మగగొంతు. ఎంత మంచి గొంతని. గోరువెచ్చని నీళ్ళలా ఉంది. ఈయన భుజాలు కాస్త కిందికి దిగడం నేను చూశాను.

లైబ్రరీ ప్రాజెక్టు మొదలుపెట్టారు. ఒకే పుస్తకాన్ని ఇద్దరు అడిగే దగ్గరికి రాకముందే ఆ గొంతు, బాగుంది బాగుంది, ఇప్పుడు చేస్తున్నది చెప్పండి అంది. నా మనసు చివుక్కుమంది. ఆ వానాకాలం కథను ఎన్ని ఆదివారాలు మెరుగుపెట్టామో.

తాళాల దగ్గరికి వచ్చాక ఈయన అందుకున్నారు. నేను దిండు గలీబులు మడతపెడుతున్నాను. కష్టం ఏమిటంటే, నెట్ పోయినప్పుడు తాళం ఫోన్‌ని గుర్తుపట్టలేదు. ఇంటివాళ్ళు బయట నిలబడిపోతారు. అప్పుడు తాళాలు బిగించే ఫిట్టర్ వచ్చి తెరవాలి. దానికి తాళంలోనే ఒక దొడ్డిదారి పెట్టారు. ఫిట్టర్ తాళాన్ని ఒక పద్ధతిలో మేలుకొలిపి కొన్ని అంకెలు అందిస్తే తెరుచుకుంటుంది. కొత్త రకంలో ఆ అంకెలు ప్రతిసారీ మారిపోతాయి. పాత రకంలో బిల్డింగ్ మొత్తానికీ అవే. ఆ పాతవాటిని మార్చడమే ఇప్పుడు ఈయన చేస్తున్న ప్రాజెక్టు.

"ఎంత బాగా చెబుతున్నారండీ," అంది ఆ గొంతు. "ఇంత స్పష్టంగా చెప్పేవాళ్ళు మాకు దొరకరు."

నాకు గర్వంగానే అనిపించింది. అబద్ధమెందుకు. గలీబు అంచు సాగదీసి ఇంకా నున్నగా మడిచాను.

పాతవి మార్చడం ఎంతవరకు వచ్చింది అని అడిగాడు. సగం అయింది అన్నారు ఈయన. మిగిలిన సగం ఎటువైపు బిల్డింగులు అని అడిగాడు. ఈయన ఊరికి ఏ పక్కనో చెప్పారు. మరి మిగిలినవాటిలో ఆ దొడ్డిదారి ఇప్పటికీ పనిచేస్తుందా అన్నాడు. చేస్తుందండీ, చేయకపోతే ఇంటివాళ్ళకు ఇబ్బంది కదా అన్నారు. ఫిట్టర్ తాళాన్ని ఎలా మేలుకొలుపుతాడు అని అడిగాడు.

అప్పుడు నాకు ఏదో తేడా కొట్టింది. పప్పులో రాయి పంటికింద పడ్డట్టు. నేను నేర్పిన నాలుగు ప్రశ్నల్లోనూ ఈయన ఉన్నారు. మీరేం చేశారు, అలాగే ఎందుకు చేశారు. ఈ మనిషి ఒక్కసారి కూడా మీరు అనలేదు. అతని ప్రశ్నల్లో తాళమే ఉంది. ఉద్యోగం ఇచ్చేవాడు మనిషిని కదా చూసుకోవాలి. పాత ఉద్యోగం ఎందుకు వదిలేస్తున్నారని అడగలేదు. ఎప్పుడు చేరగలరని అడగలేదు. అసలు తన పేరేమిటో, కంపెనీ ఏమిటో ఇంతవరకూ చెప్పలేదు.

మా బిల్డింగ్ గుర్తొచ్చింది. మా తలుపుది పాత రకమే. పై అంతస్తులో చంటిపిల్లతో ఒంటరిగా ఉంటున్న టీచరమ్మ తలుపుదీ అంతే.  చేతిలో ఉన్న తువ్వాలు మీద నా వేళ్ళు బిగుసుకుపోయాయి.

ఆ ప్రశ్న దగ్గర ఆయనా తటపటాయించారు. అది కాస్త లోపలి విషయమండీ అని కూడా అన్నారు. తర్వాత ఏం చేయాలో తోచక తల తిప్పి నా వైపు చూశారు. నా మొహం చూడలేదు. అలవాటుగా చేతులు చూశారు. అవి కదలడం లేదు.

ఆయన చిన్నగా తలూపారు. సరే, ఇంకా చెబుతాను అన్నట్టు. తెర వైపు తిరిగి తాళాన్ని ఎలా మేలుకొలపాలో చెప్పడం మొదలుపెట్టారు.

అరిచి ఉండాల్సింది. దానికి బదులు చేతులు ఆడించబోయాను, తువ్వాలు ఒళ్ళోంచి జారి కిందపడింది. లేచి నిలబడ్డాను. నిలబడితే ఆపాలని కదా ఒప్పందం. కాని ఆయన ఇక నా వైపు చూడడం లేదు. ఒక కాగితం మీద బొమ్మ గీసి కెమెరా ముందు పట్టుకుంటున్నారు. ఆదివారాలు గాల్లో గీసి నాకు చూపించిన తలుపే అది.

గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాను. ఒకవేళ ఇది నిజమైన ఇంటర్వ్యూ అయితే? కెమెరా నిజంగానే పాడైతే? నా పిచ్చి అనుమానంతో అడ్డంపడి, రేపు గడియారం ఈయన్ని పిలిస్తే, ఆ మొహం నేనెలా చూడను? ముందు నుయ్యి, వెనక గొయ్యి. 

"బ్రహ్మాండం," అంది ఆ గొంతు. "ఇక ఒక్కటే. పాత రకంలో ఆ అంకెలు ఎలా తయారవుతాయండీ?"

ఈయన ఊపిరి పీల్చుకున్నారు. జవాబు పెద్దదైతే ఆయన అలాగే పీలుస్తారు. నేను లోపలికి వెళ్ళి ఆపితే అవతలివాడికి తెలిసిపోతుంది, కరెంటు పోతే ఎవరి తప్పూ కాదు. మెయిన్ స్విచ్ మా వీధి తలుపు పక్కన చెప్పుల స్టాండు పైన ఉంటుంది. ఎలా వెళ్ళానో తెలియదు. మూత తీసి స్విచ్ కిందికి లాగేశాను. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది గాని నెట్ పెట్టెకు లేదు.

ఫ్యాను తిరుగుతూ తిరుగుతూ నెమ్మదించింది. ఫ్రిజ్ ఒకసారి ఒణికి ఊరుకుంది. ఇల్లు ఎంత చప్పుడు చేస్తుందో ఆగినప్పుడే తెలుస్తుంది.

లోపలి గదిలోంచి అత్తయ్య, "కరెంటు పోయిందా అమ్మాయ్? సరిగ్గా ఇప్పుడే పోవాలా, ఆ పిల్ల నిజం చెప్పబోతోంది," అన్నారు.

ఈయన బయటికొచ్చి, నన్నూ నా చేయి ఇంకా ఉన్న స్విచ్‌నీ మార్చి మార్చి చూశారు. ఆయనకు కోపం రావడం అరుదు. వస్తే గొంతు పెంచరు, ఇంకా తగ్గిస్తారు. ఇంత బాగా జరుగుతుంటే ఎందుకిలా చేశానని అడిగారు. నాకు తోచినదంతా చెప్పాను. లోతుగా అడిగారు, అంతే, పెద్ద కంపెనీలు అలాగే అడుగుతాయి అన్నారు. ఇల్లు కదలని నాకేం తెలుసనలేదు గాని ఆ మాట ఆయన పెదవి దాకా వచ్చి వెనక్కి వెళ్ళడం కనబడింది. దాని బదులు ఇంకో మాట అన్నారు.

"నువ్వేగా చెప్పమన్నావు. చేతులు ఆపావు కదా."

"భయమేసి ఆగాయండీ," అన్నాను.

ఆయన నా చేతుల వంక చూశారు.  ఇంతసేపూ వెలుగుతున్న ఆయన మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది. చొక్కా పై గుండీ విప్పుకున్నారు.

అంతలో ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టమని సైగ చేశాను. అదే గొంతు, అదే గోరువెచ్చదనం. కనెక్షన్ పోయినట్టుంది, పర్వాలేదు, ఫోన్‌లోనే కానిద్దాం, అంకెల దగ్గరున్నాం అంది.

ఈయన నా వైపు చూశారు. నేను నిలబడే ఉన్నాను. కూర్చోలేదు.

"దానికంటే ముందు నేనొకటి అడగొచ్చాండీ?" అన్నారు ఈయన. చివర్లో మీరేమైనా అడుగుతారా అంటారు, అప్పుడు ఏదో ఒకటి అడగాలి అని నేనే నేర్పాను. "చేరితే మొదట నా చేత ఏం పని చేయిస్తారు?"

అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం అంది గొంతు.

"ఇందాక నా పాత ప్రాజెక్టు చెప్పాను. అది దేని గురించో గుర్తుందాండీ?"

 "అదీ తాళాలదే కదా," అన్నాడు అతను.

 దొరికిపోయానని అవతలివాడికీ అర్థమైంది. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆ గొంతులో వేడీ లేదు, చల్లదనమూ లేదు. కొలిచి మాట్లాడింది.

"చూడండి. మీరు చెప్పిందంతా నా దగ్గర రికార్డయి ఉంది. మీ మొహం, మీ చేతిలో బొమ్మ. మీ ఆఫీసుకు పంపితే ఏమవుతుందో మీకే తెలుసు. చీకటిపడే లోపు మళ్ళీ చేస్తాను. అంకెల సంగతి గుర్తుచేసుకుని ఉంచండి."

ఫోన్ పెట్టేశాడు.

ఈయన సోఫాలో కూర్చోలేదు. నేలమీద, నేను జారవిడిచిన తువ్వాలు పక్కన కూర్చున్నారు. నేను వెళ్ళి మెయిన్ స్విచ్ పైకి వేశాను. ఫ్యాను కదిలింది, టీవీ మళ్ళీ మాట్లాడింది. అంతలో నా పక్కనే వీధి తలుపు తాళం కిచ్చుమంది.

ఇద్దరం కదలలేదు. గడప అవతల ఎవరో ఉన్నట్టే అనిపించింది. మెట్ల మీద అడుగుల చప్పుడు కోసం విన్నాను. ఈయన నేలమీదే ఉండి, నెట్ తిరిగొచ్చినప్పుడు అది అలాగే పలుకుతుంది అన్నారు, నాకు ధైర్యం చెబుతున్నట్టు. చెబుతూనే కళ్ళు మాత్రం తలుపు మీంచి తీయలేదు. అది రాసిన మనిషే అలా చూస్తుంటే నేనూ తలుపుకు దూరంగా జరిగాను. రోజూ వందసార్లు వింటున్న చప్పుడది.

అత్తయ్య ఎప్పుడు వచ్చారో గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఏమయిందని అడిగారు. రెండు ముక్కల్లో చెప్పాను. ఆవిడ కొడుకును ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి అల్మారా తాళంకప్ప ఊడదీసి తెచ్చి, వీధి తలుపుకు లోపలి గొళ్ళెం పెట్టి, తాళం నొక్కి, ఒకసారి లాగి చూసుకున్నారు.

"దీనికి ప్రాజెక్టూ లేదు, ప్రోగ్రామూ లేదు," అన్నారు. "ఎవడైనా సరే దీన్ని అడిగి రావాల్సిందే."

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. పై అంతస్తు టీచరమ్మకు ఇలాంటి తాళంకప్ప లేదు.

ఏం చేయాలో మాట్లాడుకున్నాం. మాట్లాడుకున్నాం అంటే, చాలావరకు ఆయనే మాట్లాడారు, నేను విన్నాను. అంకెల సంగతి చెప్పలేదు కాబట్టి వాడు తలుపు తీయలేడు అన్నారు. వెంటనే, సగం తెలిసినవాడు మిగతా సగం ఇంకెవరి దగ్గరో రాబట్టగలడు, మా జట్టులోంచి వెళ్ళిపోయినవాళ్ళందరూ ఉద్యోగాలు వెతుక్కుంటూనే ఉన్నారు అన్నారు. మేనేజర్‌కి చెబితే ఈరోజే ఉద్యోగం పోతుందన్నారు. చెప్పకపోతే ఎవరికీ తెలియదన్నారు. ఆ మాట ఆయనకే వినసొంపుగా లేదు. చీకటిపడే లోపు వాడు చేస్తాడు అని, మళ్ళీ మొదటికొచ్చారు. వాడికి ఒక్కసారి జవాబిస్తే జన్మంతా ఇస్తూనే ఉండాలి, అది మాత్రం ఇద్దరికీ తెలుసు.

"నాకు చెప్పడం రాదు," అన్నారు చివరికి. "గడియారం ముందు నోరు పెగలదు."

"ఎలా చెప్పాలో మీకు తెలుసు," అన్నాను. "కష్టం ఏమిటి. మీరేం చేశారు. ఎందుకు చేశారు. చివరికేమయింది."

ఆయన చాలాసేపు తువ్వాలు అంచు లాగుతూ కూర్చున్నారు. తర్వాత లేచి, ఎందుకో చొక్కా పై గుండీ మళ్ళీ పెట్టుకుని, అదే బల్ల దగ్గర అదే కుర్చీలో కూర్చున్నారు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచారు. కుర్చీ మాత్రం నా వైపు తిప్పుకున్నారు.

నేను హాల్లో నా చోట కూర్చున్నాను. మడతపెట్టడానికి బట్టలు లేవు, అన్నీ అయిపోయాయి. మడతపెట్టినవే విప్పి పక్కన కుప్ప పోసుకున్నాను.

మేనేజర్ ఎత్తాడు. ఆదివారం ఫోన్ చేసినందుకు విసుగు గొంతులో తెలుస్తోంది. ఈయన మొదలుపెట్టారు. ఉద్యోగం పోతుందన్న భయంతో వేరే చోట వెతుకుతున్నానని, అదే ముందు చెప్పారు. అది నేను నేర్పలేదు. ఇంటర్వ్యూ అనుకుని ఒకడితో మాట్లాడానని, ఆ దొడ్డిదారి ఉందని చెప్పానని, పాతవి ఇంకా ఎటువైపు ఉన్నాయో చెప్పానని చెప్పారు. గొంతు ఒణికింది గాని ధార తెగలేదు. నా చేతులు ఆడుతూనే ఉన్నాయి. ఏం మడుస్తున్నానో చూసుకోలేదు.

 అవతల మేనేజర్ తలెత్తి గోడ గడియారం వైపు చూస్తున్నాడేమో అనిపించింది. ఈయనకీ అదే అనిపించి ఉంటుంది.

"ఎంతవరకు చెప్పావు?" అన్నాడు మేనేజర్. "సరిగ్గా ఎంతవరకు?"

"ఎలా మేలుకొలపాలో కొంత చెప్పానండి," అన్నారు ఈయన. ఆ 'కొంత' దగ్గర ఆగిపోయారు.

ఆగి నా వైపు చూశారు. అంతటితో వదిలేయవచ్చు. కొంత అన్న మాటలో ఎంతైనా దాక్కుంటుంది, ఉద్యోగం కూడా దాక్కుంటుందేమో. ఆయన కళ్ళు నా చేతుల మీద ఉన్నాయి. చేతులు ఆడిస్తే చాలు, ఆయన ఊపిరి పీల్చుకుంటారు. నా ఒళ్ళో ఆయన చొక్కానే ఉంది, ఆఫీసుకు వేసుకునేది. దాని కాలర్ దగ్గర నా చేతులు ఆపేశాను. ఈసారి నేనే ఆపాను.

ఆయన చూశారు. ఈసారి నా మొహం కూడా చూశారు.

"కొంత కాదండి, మొత్తం చెప్పాను," అన్నారు. "బొమ్మ గీసి చూపించాను. అది వాడి దగ్గర రికార్డయి ఉంది. అంకెలు ఒక్కటే చెప్పలేదు. మళ్ళీ ఫోన్ చేస్తానన్నాడు."

ఇక నేను లేచి నిలబడ్డాను. ఆయన ఆపేశారు.

ఫోన్‌లో కుర్చీ జరిగిన చప్పుడు. ల్యాప్‌టాప్ తీసుకుని వెంటనే ఆఫీసుకు రమ్మన్నాడు మేనేజర్. పాత రకం తాళాలన్నింటిలో ఆ దొడ్డిదారి ఈరోజే మూసేయాలని, అది రాసినవాడు లేకుండా కుదరదని అన్నాడు. వాడు ఫోన్ చేస్తే ఎత్తవద్దన్నాడు. పోలీసుల సంగతి తను చూస్తానన్నాడు. ఈయన మరి నా సంగతి అని అడగలేదు. అడగకపోయినా మేనేజర్ ఫోన్ పెట్టే ముందు అన్నాడు.

"మిగతాది రేపు మాట్లాడదాం."

ఈయన పైజామా మార్చుకుని సంచీ తగిలించుకుని వచ్చారు. అత్తయ్య మెళ్ళో చెవితో తాళంకప్ప తీసి, ఆయన దాటాక మళ్ళీ వేసేశారు. మెట్లు దిగుతున్న చప్పుడు విన్నాను. పైకి ఎక్కుతున్న చప్పుడు ఏమైనా ఉందేమోనని కూడా విన్నాను.

ఉండబట్టలేక నేనూ తాళం తీయించుకుని పై అంతస్తుకు వెళ్ళాను. ఈ సాయంత్రం పిల్లను తీసుకుని మా ఇంటికి రమ్మని టీచరమ్మకు చెప్పాను. ఎందుకని అడిగితే, తాళాలు బాగుచేస్తున్నారన్నాను. ఆవిడ వచ్చింది. పిల్ల సోఫాలో నిద్రపోయింది. అత్తయ్య టీవీ గొంతు ఇంకా తగ్గించారు.

కిటికీలో వెలుతురు పలచబడుతోంది. వాడు ఫోన్ చేస్తానన్న వేళ అవుతోంది. ఈయన ఎత్తరు, నాకు తెలుసు. రేపు అన్న మాట గుర్తొస్తోంది. వీధి తలుపు తాళం మీద చిన్న పచ్చ దీపం వెలుగుతోంది, దాని కింద అత్తయ్య తాళంకప్ప వేలాడుతోంది. విప్పి పోసిన బట్టల కుప్ప ముందు కూర్చుని ఒక్కొక్కటే మళ్ళీ మడతపెట్టాను. అక్కడ ఎవరూ మాట్లాడడం లేదు, నా చేతులు చూసేవాళ్ళూ లేరు. అయినా వాటిని ఆగనివ్వడానికి నాకు ధైర్యం చాలలేదు.